వానపాముల పెట్టె: ఎరువు తీయడం ఒక ఎత్తు, పాముల్ని కాపలా కాయడం ఒక ఎత్తు

వంటింటి చెత్తను వానపాములకు వేసి ఎరువు చేసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. మూత ఉన్న పెట్టె, తడిపిన కాగితం, అరకిలో వానపాములు ఉంటే మూడు నాలుగు నెలల్లో నల్లటి, కంపు లేని ఎరువు చేతికొస్తుంది. అయితే ఆ ఎరువుతో పాటు అందులో కలిసిపోయిన గుడ్ల తిత్తులు కూడా పెట్టె దాటుతాయి. వానపాము రైతు నేస్తమన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాం కాబట్టి ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఏ వానపాము, ఏ నేలకు నేస్తం అన్నది కూడా అడగాలి. అందుకే ఇక్కడ పెట్టె కట్టడం కన్నా ముందు జాతి గురించి, ఎరువు వాడడం కన్నా ముందు దాన్ని శుద్ధి చేయడం గురించి చెబుతున్నాం.

జాతి తేల్చుకోవడం

బతికే తీరును బట్టి వానపాములు మూడు రకాలు. రాలిన ఆకుల్లో, పేడకుప్పల్లో పైపైనే బతికేవి కొన్ని. మట్టిని తింటూ అడ్డంగా బొరియలు చేసుకునేవి కొన్ని. నిలువుగా లోతైన బొరియ తవ్వుకుని, రాత్రిపూట పైకొచ్చి ఆకుల్ని లోపలికి లాక్కుపోయేవి మిగతావి. పెట్టెలో పని చేసేవి మొదటి రకం మాత్రమే. పార వేస్తే తోటలో బయటపడిన వాటిని తెచ్చి పెట్టెలో వేస్తే చస్తాయి, లేదా పారిపోతాయి. వాటికి కావాల్సింది మట్టి.

ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది ఐసీనియా ఫెటిడా. పుట్టిల్లు యూరప్. ఎర్రటి ఒంటి మీద లేత పసుపు చారలుంటాయి, గట్టిగా పట్టుకుంటే కంపు కొట్టే పసుపు ద్రవం వదులుతుంది. 15–25 డిగ్రీల సెల్సియస్ మధ్య హాయిగా ఉంటుంది, 35 దాటితే చస్తుంది. దాని దగ్గరి చుట్టం ఐసీనియా ఆండ్రీకి చారలుండవు, ఒళ్లంతా ఒకటే ఎరుపు. పెట్టె విషయంలో రెండూ ఒకటే అనుకోవచ్చు. యుడ్రిలస్ యుజీనియే పశ్చిమ ఆఫ్రికాది. పెద్దది, తిండిపోతు, వేడి వాతావరణానికి నప్పుతుంది, చలికి మాత్రం ఆగదు. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ దక్షిణ, ఆగ్నేయ ఆసియాది. సన్నగా, చురుగ్గా ఉంటుంది, వీపు మీద నీలి మెరుపు. గాలివానకు ముందు ఒక్కసారిగా పెట్టె వదిలి పోయే అలవాటు దీనికుంది.

అంటే 'పరదేశి వానపాము' అనే జాతి ఏదీ లేదు. మీరున్న నేలను బట్టే ఏది పరాయిదో తేలుతుంది. మీ ప్రాంతానికి సహజమైన పైపొర జాతి దొరికితే అదే మేలు.

అమ్మేవాళ్లు రాసిచ్చిన పేరును నమ్మి ఊరుకోకండి. ఐసీనియా పేరుతో వచ్చిన సంచిలో అడవులకు చేటు చేసే లంబ్రికస్ రుబెల్లస్ కలిసి ఉండొచ్చు. మరీ దారుణం ఆసియా 'గెంతే వానపాములు', అంటే అమింథస్, మెటాఫైర్ జాతులు. పెద్దవైన వానపాముల్ని పదింటిని తెల్ల పళ్లెంలో వేసి భూతద్దంతో చూడండి. ఒంటి మీద ఉబ్బెత్తుగా ఉండే పట్టీని, అంటే క్లైటెల్లంను గమనించాలి. ఐసీనియాలో అది తల నుంచి సుమారు 25వ ఖండితం (ఒంటి మీద వరుసగా కనిపించే ఉంగరాల్లాంటి భాగం) దగ్గర మొదలై 32 దగ్గర ముగుస్తుంది, గుర్రపు జీనులా వీపును కప్పుతుందే కానీ పొట్ట కింద కలవదు. గెంతే వానపాములో పట్టీ తలకు బాగా దగ్గరగా, 14–16 ఖండితాల మీద, ఉంగరంలా చుట్టూ ఉంటుంది. ఉబ్బెత్తుగా ఉండదు, పాల రంగులో నున్నగా ఉంటుంది. ముట్టుకుంటే పాములా మెలికలు తిరిగి కొట్టుకుంటుంది, ఒక్కోసారి తోక తెంచుకుని పోతుంది.

ఇక్కడో చిక్కుంది. పెరియోనిక్స్‌కూ యుడ్రిలస్‌కూ పట్టీ తల దగ్గరే ఉంటుంది, పెరియోనిక్స్ కూడా బాగా గెంతుతుంది. అందుకని ఒక్క గుర్తును బట్టి తీర్పు చెప్పకూడదు. నీలి మెరుపు ఉందా, పట్టీ ఒంటి రంగులోనే ఉందా, పాలిపోయి ఉందా అన్నవి కలిపి చూడాలి. పిల్ల వానపాములకు పట్టీయే ఉండదు, వాటిని కళ్లతో గుర్తించడం దాదాపు అసాధ్యం. అనుమానం తీరకపోతే ఆ సరుకు వద్దనుకోండి.

కొన్నవాటిని వచ్చిన పడకతో (అవి బతికే తడి కాగితం, పొట్టు లాంటి పరుపుతో) సహా పెట్టెలో గుమ్మరించకూడదు, ఎందుకంటే పరాయి గుడ్ల తిత్తులు వచ్చేది ఆ పడకలోనే. చేత్తో ఒక్కొక్కటిగా ఏరి, క్లోరిన్ లేని నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి, చిన్న డబ్బాలో కొత్త పడక మీద 3–4 వారాలు విడిగా ఉంచండి. ఆలోపు పిల్లలు కొన్ని పెద్దవవుతాయి, జాతి మరింత తేటపడుతుంది. పాత పడకకు వేడి చికిత్స తప్పనిసరి. అదెలాగో కింద ఉంది.

బయటికి పోతే ఏమవుతుంది

సుమారు 10–12 వేల ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముగిసేసరికి కెనడాలోనూ అమెరికా ఉత్తర భాగంలోనూ మంచుపలకల కింద ఉన్న నేలల్లో వానపాములు మిగల్లేదు. ఆ తర్వాత అక్కడ పెరిగిన అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. రాలిన ఆకుల్ని శిలీంధ్రాలు నింపాదిగా కుళ్లబెట్టేవి, కాబట్టి నేల మీద దూదిపరుపులా మందమైన ఆకుపొర ఉండేది. విత్తనాలు మొలిచేది, బల్లిలా కనిపించే సాలమాండర్లు తిరిగేది, నేల మీద గూడు కట్టే పక్షులు దాక్కునేది ఆ పొరలోనే.

యూరప్ నుంచి వలస వెళ్లినవాళ్ల మొక్కల వేళ్ల మట్టిలో, ఓడల్లో బరువు కోసం నింపిన మట్టిలో వానపాములు అక్కడ దిగాయి. ఆ తర్వాత చేపల వేటకు ఎరగా తెచ్చి, మిగిలినవాటిని చెరువు గట్టున పారబోయడం వల్ల అడవుల్లోకి చేరాయి. లంబ్రికస్ జాతులు చేరిన చోట కొన్నేళ్లలోనే ఆకుపొర మాయమై కింది మట్టి బయటపడుతుంది. షుగర్ మేపుల్ మొలకలు, ట్రిలియం లాంటి అడవి పూమొక్కలు పలచబడతాయి. ఆకుపొరలోనే బతికే గోబ్లిన్ ఫెర్న్ అనే చిన్న మొక్క కనుమరుగవుతుంది. ఓవెన్‌బర్డ్ పిట్టకు గూడు దాచుకునే చోటు ఉండదు. చెట్ల వేళ్లతో జత కట్టిన శిలీంధ్రాల తీగలు తెగిపోతాయి. పోషకాలు ఒక్కసారిగా విడుదలై వాన నీటితో కొట్టుకుపోతాయి. తోటలో మనం మెచ్చుకునే పనే ఇదంతా! చెత్తను తొందరగా మట్టి చేయడమే దాని గొప్పదనం, ఆ అడవికి కిట్టనిదీ అదే.

గెంతే వానపాముల కథ ఇంకోలా ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వీటిని 2013లో గుర్తించారు. పెద్దవి తొలి మంచుకు చచ్చిపోతాయి, గుడ్ల తిత్తులు మాత్రం చలికాలం దాటి వసంతంలో పిల్లలవుతాయి. చాలావాటికి జత అవసరం లేదు, ఒక్కటి చాలు సంతతికి. ఇవున్న నేల పైభాగం కాఫీ పొడిలా గింజలు గింజలుగా మారి, వేళ్లకు పట్టు దొరకదు.

చలి దేశాల గొడవ మనకెందుకనుకోకండి. దక్షిణ అమెరికాలో పుట్టిన పాంటోస్కోలెక్స్ కొరెత్రురస్ ఇప్పుడు ఉష్ణమండలమంతా పరుచుకుంది. అమెజాన్‌లో అడవి కొట్టేసి పచ్చిక బయళ్లు చేసిన చోట మిగతా నేల జీవులు పోయి, ఇదొక్కటే విపరీతంగా పెరిగి, దాని విసర్జితం నీళ్లు ఇంకని గట్టి పొరగా పేరుకుంది. ఇది మట్టిలో బతికే రకం, పెట్టెలో పెరగదు. కుండీల మట్టిలో, నారుమొక్కల వేళ్లలో దాక్కుని ప్రయాణిస్తుంది. కాబట్టి పెట్టెలో గుప్పెడు తోట మట్టి వేయమనే పాత సలహాను పక్కన పెట్టండి. మేత అరగడానికి గరుకు కావాలంటే గుడ్డు పెంకుల పొడి చాలు.

నిజం చెప్పాలంటే ఐసీనియా ఫెటిడా ఒక్కటే అడవిని పాడు చేసిన దాఖలాలు తక్కువ. దానికి పేడకుప్ప లాంటి బలమైన తిండి కావాలి. ప్రమాదం దానితో కలిసొచ్చే జాతుల వల్ల, ఏది ఏదో చూడకుండా పారబోసే అలవాటు వల్ల. వానపాము తనంతట తాను ఏడాదికి 5–10 మీటర్లకు మించి పాకదు. కిలోమీటర్లు దాటించేది మనుషులే.

పెట్టె కట్టడం

రోజుకు పావుకిలో చెత్త వచ్చే ఇంటికి లెక్క ఇది. కుదురుకున్న వానపాములు రోజుకు తమ బరువులో సగం తింటాయి, కాబట్టి అరకిలో కావాలి. చదరపు మీటరుకు 5 కిలోలు పై హద్దు. 60 × 40 సెం.మీ. అడుగు, 35 సెం.మీ. లోతున్న ముదురు రంగు ప్లాస్టిక్ పెట్టె తీసుకుంటే అరకిలోకు కావాల్సిన దానికన్నా రెట్టింపు చోటుంటుంది. లోతు పెంచి లాభం లేదు, పైపొర పాములు అడుగుకు దిగవు, అక్కడంతా మురుగుతుంది.

అడుగున 6 మి.మీ. రంధ్రాలు పన్నెండు, పక్కల పై అంచుకు 5 సెం.మీ. కింద 3 మి.మీ. రంధ్రాలు ఇరవై వేయండి. అన్నిటికీ లోపలి నుంచి 1 మి.మీ. కన్నా సన్నటి స్టీలు వల అతికించండి. గుడ్ల తిత్తి నిమ్మకాయ ఆకారంలో, 3–4 మి.మీ. పొడవుంటుంది, వలలో ఆగుతుంది. అప్పుడే పొదిగిన పిల్ల దారంలా ఉంటుంది, వల కన్నం పెద్దదైతే దూరిపోతుంది. పెట్టెను నాలుగు దిమ్మెల మీద నిలబెట్టి, కింద పళ్లెం పెట్టండి. దిమ్మెల కింద నీళ్ల గిన్నెలుంటే చీమలు ఎక్కవు, జారిపడిన పాములూ దాటవు. పెట్టె నేలకు ఆనకూడదు, చెట్టు కింద అసలు వద్దు.

పడక

ఒక వంతు వెడల్పుగా చింపిన అట్టముక్కలు, ఒక వంతు కాగితం, ఒక వంతు ఉప్పు లేకుండా కడిగిన కొబ్బరి పొట్టు. పొడిగా తూచి 3 కిలోలు తీసుకుని, 9 లీటర్ల నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. తేమ 75 శాతం దగ్గరుంటుంది. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎక్కువైంది, ఏమీ రాకపోతే తక్కువైంది. దీన్ని నొక్కకుండా 20 సెం.మీ. మందంగా పరచండి. మెరిసే కాగితం వాడకండి. బయటి నుంచి ఊడ్చి తెచ్చిన ఆకులూ వద్దు, వాటిలో పరాయి తిత్తులు ఉండొచ్చు.

పడక వేసిన నాలుగైదు రోజుల తర్వాత చెయ్యి పెట్టి చూసి, వేడి లేదని నిర్ధారించుకున్నాకే పాముల్ని వదలాలి. పైన పరిస్తే చాలు, వెలుతురుకు అవే లోపలికి దిగుతాయి. మొదటి రెండు రాత్రులు గోడలెక్కి చూస్తాయి. మూత తీసి దీపం వెలిగించి ఉంచండి, వెలుతురంటే వాటికి గిట్టదు.

మేత

మొదటి రెండు వారాలు రోజుకు 80 గ్రాములు మించొద్దు. తర్వాత నెమ్మదిగా 250 గ్రాములకు పెంచండి. తొక్కల్ని 2–3 సెం.మీ. ముక్కలు చేసి, ఒక రాత్రి గడ్డకట్టించి కరిగిస్తే మెత్తబడి త్వరగా కుళ్లుతాయి, చిన్న ఈగల గుడ్లూ చస్తాయి. పెట్టెను మనసులో ఆరు గడులుగా పంచుకుని, ప్రతిసారీ పక్క గడిలో పూడ్చి, పైన 5 సెం.మీ. పడక కప్పండి. మళ్లీ మొదటి గడికి వచ్చేసరికి అక్కడి మేత ముప్పాతిక అయిపోయి ఉండాలి. అవలేదంటే ఎక్కువ పెడుతున్నట్టే. తడి చెత్త ఎంత వేస్తే దాదాపు అంతే పరిమాణంలో పొడి అట్టముక్కలు వేస్తూ ఉండాలి. వారానికో చెంచా గుడ్డు పెంకుల పొడి చల్లండి.

మాంసం, పాల పదార్థాలు, నూనె, ఉప్పేసి వండినవి వేయకూడదు. పుల్లటి పండ్ల తొక్కలు కొద్దిగా పర్లేదు, దోసిళ్లతో వేస్తే పడక పులిసిపోతుంది.

ఎక్కడ దెబ్బతింటుంది

మొదట నమ్మాల్సింది ముక్కును. కుళ్లిన గుడ్డు కంపు వస్తే గాలి ఆడటం లేదు, నీరెక్కువైంది. మేత ఆపి, పొడి అట్టముక్కలు కలిపి, అడుగు రంధ్రాలు పూడాయేమో చూడండి. కళ్లు మండే అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువ. పచ్చి పేడ, గడ్డి, కాఫీ పిప్పి ఒకేసారి కుమ్మరిస్తే ఇలా జరుగుతుంది. ఆ భాగాన్ని తోడేయాల్సిందే.

వానపాము ఒళ్లు పూసలు గుచ్చిన దండలా అక్కడక్కడా ఉబ్బి, మధ్యలో నొక్కుకుపోతే అది మేత పులిసి కడుపులో వాయువు పుట్టిన లక్షణం. పిండి, పప్పు లాంటి మాంసకృత్తుల మేత ఎక్కువైతే వస్తుంది. అప్పటికే జబ్బుపడినవి కోలుకోవు. మిగతావాటిని ఆ రోజే కొత్త పడకలోకి మార్చండి.

తెల్లటి సన్నని పురుగులు గుట్టలుగా కనిపిస్తే పిల్లలు పుట్టాయని మురిసిపోతారు చాలామంది. వానపాము పిల్ల లేత గులాబీ రంగులో ఉంటుంది, లోపల ఎర్రటి రక్తనాళం కనిపిస్తుంది. తెల్లగా ఉన్నవి వేరే జాతి. హాని లేదు కానీ పడక పులిసి, తడి ఎక్కువైందని అర్థం. గుడ్డు పెంకుల పొడి, అట్టముక్కలు వేస్తే తగ్గుతాయి. చీమలు చేరాయంటే పడక ఎండింది.

పాములు తగ్గిపోతున్నాయి, చచ్చినవేమీ కనిపించడం లేదంటే అన్నీ పారిపోయాయనుకోకండి. వాటి శరీరం ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. ఉష్ణోగ్రత, తేమ చూడండి. వేసవిలో పెట్టె ఎండలో ఒక్క మధ్యాహ్నం ఉన్నా చాలు, అంతా పోవడానికి. పెరియోనిక్స్ పెంచేవాళ్లు గాలివాన సూచనలుంటే రాత్రంతా దీపం ఉంచి, మూత బిగించాలి.

ఎరువు తీయడం

మూడు నాలుగు నెలలకు పడక ఆనవాలు పోయి నల్లగా, పొడిపొడిగా అవుతుంది. మేత ఆపి, ఎరువునంతా ఒక పక్కకు జరిపి, రెండో పక్క కొత్త పడక వేసి అక్కడే మేత పెట్టండి. రెండు మూడు వారాల్లో చాలావరకు అటు చేరతాయి. తొందరైతే ఎరువును పట్టా మీద చిన్న చిన్న శిఖరాలుగా పోసి, పైన దీపం పెట్టి, పావుగంటకోసారి పైపొర తీస్తూ రండి. చివరికి అడుగున పాముల ముద్ద మిగులుతుంది.

ఏ పద్ధతిలో తీసినా తిత్తులు ఎరువులోనే ఉంటాయి. 3 మి.మీ. జల్లెడ కూడా అన్నిటినీ ఆపలేదు. ఒక్కో ఐసీనియా తిత్తి నుంచి రెండు మూడు పిల్లలొస్తాయి, పొదగడానికి దాదాపు మూడు నాలుగు వారాలు. కాబట్టి తీసిన ఎరువును మూత పెట్టిన తొట్టిలో తేమ ఆరకుండా ఆరు వారాలు ఉంచి, కర్బూజా తొక్కను బోర్లా పెట్టండి. పిల్లలు దాని కింద చేరతాయి. నాలుగు రోజులకోసారి తొక్కతో సహా ఎత్తి పెట్టెలో వేసేయండి.

ఆ తర్వాత వేడి చికిత్స. 40 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచితే గెంతే వానపాముల తిత్తులు కూడా చస్తాయి. తేమగా ఉన్న ఎరువును పారదర్శక ప్లాస్టిక్ సంచుల్లో 5 సెం.మీ. మందానికి మించకుండా నింపి, మూతి కట్టి, థర్మోకోల్ పలక మీద ఎండలో పెట్టండి. సూది థర్మామీటరును సంచి మధ్యలోకి గుచ్చి చూడాలి. పైన 50 ఉన్నా నడుమ 35 ఉంటే పని జరగనట్టే. రాత్రి చల్లారుతుంది కాబట్టి సాయంత్రం దుప్పటి కప్పండి, మూడు రోజులని కాకుండా వారం పాటు కొనసాగించండి. 40–45 డిగ్రీలకు ఎరువులోని సూక్ష్మజీవులు చాలావరకు బతికే ఉంటాయి, ఎరువు సారం ఎక్కడికీ పోదు. గడ్డకట్టించడాన్ని మాత్రం నమ్ముకోకండి. పెద్దవి చస్తాయి కానీ చలికి అలవాటుపడిన జాతుల తిత్తులు తట్టుకుంటాయి.

శుద్ధి చేసిన ఎరువును కుండీలకూ కూరగాయల మడులకూ వాడండి. అడవి అంచున, వాగు ఒడ్డున, సహజంగా మొక్కలున్న వాలుల్లో శుద్ధి చేసినదైనా వేయొద్దు. అక్కడి మొక్కలకు ఆ బలం అక్కర్లేదు.

నేలను పరీక్షించడం

తోటలో ఏ వానపాములున్నాయో తెలియాలంటే 30 × 30 సెం.మీ. చోట ఆకులు తీసి, 4 లీటర్ల నీళ్లలో 40 గ్రాముల పసుపురంగు ఆవాల పొడి కలిపి, సగం పోసి, నీళ్లు ఇంకాక మిగతా సగం పోయండి. ఘాటుకు పైకొస్తాయి, చావవు, మొక్కలకూ హాని లేదు. వేసవి చివర్లో చేస్తే పట్టీ ఉన్న పెద్దవి దొరికి గుర్తించడం తేలిక. గెంతే వానపాములు కనిపిస్తే ఏరి సంచిలో కట్టి ఎండలో పెట్టండి. ఆ చోటి మట్టిని, మొక్కల్ని, కుండీల్ని ఎవరికీ ఇవ్వకండి. పారలు, చెప్పులు అక్కడికక్కడే కడగండి. నేలంతా పాకాక వాటిని పూర్తిగా తొలగించే మందంటూ ఏదీ లేదు.

పెట్టె మూసేయాల్సి వస్తే

ఇల్లు మారేటప్పుడు చాలామంది వానపాముల్ని ఏ చెట్టు కిందో వదిలి పుణ్యం చేశామనుకుంటారు. అలా కాకుండా పెట్టె నడిపే మరొకరికి జాతి పేరు చెప్పి ఇవ్వండి. తీసుకునేవాళ్లు లేకపోతే పాములతో సహా పడకనంతా సంచుల్లో కట్టి పైన చెప్పిన వేడి చికిత్స చేయండి. ఖాళీ పెట్టెను సబ్బు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను సన్నటి గుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలిందీ అదే సంచిలోకి. వలల మూలల్లో, మూత గాడిలో తిత్తులు అంటుకుని ఉంటాయి, అక్కడ బ్రష్షుతో రుద్ది, పెట్టెను బోర్లించి నాలుగైదు రోజులు ఎండలో ఉంచండి.